‘ఇంకో మూడు వారాలే అమ్మా’ అంటున్నాడు, ఆగమంటారా?

ఈ వారం ఉత్తరం న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. రాత్రి రెండింటికి నిద్రపట్టక కూర్చుని రాశారట, చాలా పెద్ద ఉత్తరం, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

వాళ్లబ్బాయికి 19 ఏళ్లు, పెన్సిల్వేనియాలో ఒక యూనివర్సిటీలో సెకండియర్. నెమ్మదస్తుడు. ఫస్టియర్ అంతా రూమ్‌లోనే ఒంటరిగా ఉంటున్నాడని ఈవిడ దిగులు పడేవారు. జనవరిలో ఒక ఫ్రెటర్నిటీ (కాలేజీ మగపిల్లల సంఘం) నుంచి బిడ్ వచ్చింది, అంటే మాలో చేరమని పిలుపొచ్చింది. ఎగిరి గంతేసి ఫోన్ చేశాడట. అందులో సగానికి పైగా మన దేశీ పిల్లలే, దీపావళి చేస్తారు, గర్బా నైట్ పెడతారు, మనవాళ్లే కదా అని ఈవిడ కూడా సంతోషపడి చేరడానికి డబ్బులు పంపారు.

పోయిన శనివారం ఇంటికొచ్చాడు. మనిషి సగం అయిపోయాడు. మోచేతులు రెండూ గీరుకుపోయి చెక్కులు కట్టి ఉంటే ఏంటిరా అని అడిగారు, జిమ్‌లో ప్లాంక్స్ చేశానన్నాడు. బట్టలు వాషర్‌లో వేస్తుంటే ఒక టీషర్ట్ వెనిగర్ వాసన, కుళ్లిన గుడ్డు వాసన. అన్నం తిని పడుకుంటే 14 గంటలు లేవలేదు, కానీ ఫోన్ టింగ్ మంటే చాలు ఉలిక్కిపడి, కళ్లు సరిగ్గా తెరవకుండానే రిప్లై కొట్టి మళ్లీ పడిపోతున్నాడు. అర్ధరాత్రి బాత్‌రూమ్‌లోంచి ఏదో గొణుగుడు వినిపిస్తే ఎగ్జామ్‌కి చదువుతున్నాడనుకున్నారు. తెల్లారి సింక్ పక్కన ఒక చిన్న నోట్‌బుక్ కనపడింది. ఫ్రెటర్నిటీలో ఉన్న ఒక్కొక్కడి పేరు, ఊరు, మేజర్, ఏ సెమిస్టర్‌లో చేరాడు, అన్నీ వరసగా రాసుకున్నాడు. ఒక పేజీ అడుగున ‘తప్పుకి 50’ అని రాసి కొట్టేసి ఉంది.

గట్టిగా అడిగితే, "ఇది హేజింగ్ కాదమ్మా, అందరం కలిసి చేస్తాం, ఇంకో మూడు వారాలే, తర్వాత నేను బ్రదర్‌ని" అన్నాడు. హేజింగ్ అంటే చేర్చుకునే ముందు కొత్తవాళ్లని పెట్టే హింస, బ్రదర్ అంటే పూర్తి సభ్యుడు. కాలేజీకి ఫోన్ చేస్తే జన్మలో మాట్లాడనని ఒట్టు పెట్టించుకున్నాడు. వాళ్ల నాన్నగారేమో 90ల్లో మన దగ్గర ఇంజనీరింగ్ చదివినాయన, "మేం తినలేదా ర్యాగింగ్, చచ్చామా, వాణ్ణి కాస్త రాటుదేలనీ" అంటున్నారు. పైగా గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, బాబు హెచ్4 (వర్క్ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నాడు, కంప్లయింట్ ఇస్తే స్టేటస్‌కి ఏమైనా అవుతుందేమోనని భయం. ఆవిడ అడిగింది ఒకటే: "కాలేజీకి చెప్పేయమంటారా, వాణ్ణి బయటికి లాగేయమంటారా, లేక వాడన్నట్టు ఈ మూడు వారాలు కళ్లు మూసుకోమంటారా?"

అమ్మా, ముందు ఒక మాట. ఆ నోట్‌బుక్ చూసి మీ గుండె జారిపోయిందని రాశారు చూడండి, అది అతిభయం కాదు. నిద్ర లేకపోవడం, గీరుకుపోయిన మోచేతులు, వెనిగర్, గుడ్లు, పేర్ల బట్టీ, తప్పుకి 50 పుషప్పులో ఏదో, పిలిస్తే అర్ధరాత్రైనా పలకడం, ఇవన్నీ కలిపితే దాని పేరు హేజింగే. మీవాడు అబద్ధం చెప్తున్నాడని కూడా అనుకోకండి. యూనివర్సిటీ ఆఫ్ మెయిన్ వాళ్లు 2008లో దేశం మొత్తం మీద 11 వేల మందికి పైగా స్టూడెంట్లని అడిగి ఒక సర్వే వేశారు, అందులో ఇలాంటివి అనుభవించిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది మాకు హేజింగ్ జరగలేదనే చెప్పారు. మీవాడు ఆ తొమ్మిదిమందిలో ఒకడు, అంతే.

ఇప్పుడు మీవారి మాట. ర్యాగింగ్ తిన్న తరం మనది, నేనూ తిన్నాను. హాస్టల్లో చేరిన మొదటి నెల సీనియర్ల బట్టలు ఉతికాను, మరుసటేడు ఒక జూనియర్ అమ్మాయి చేత నా బట్టలు ఉతికించాను. ఆ పిల్ల బకెట్ ఎత్తలేక ఈడ్చుకుంటూ పోవడం ఇప్పటికీ కళ్లముందు కనపడుతుంది, సిగ్గుగా ఉంటుంది. కాబట్టి మీవారిని తప్పుపట్టడానికి నేనెవర్ని. కానీ ర్యాగింగ్‌కీ దీనికీ ఒక తేడా ఉంది. మన దగ్గర జూనియర్‌కి వేరే దారి ఉండేది కాదు, అదే కాలేజీ అదే హాస్టల్, భరించేవాడు, లేదంటే దాక్కునేవాడు. ఇక్కడ మీవాడు ఏ రోజైనా, ఈ క్షణమైనా, నాకొద్దు అని లేచి వచ్చేయొచ్చు, తలుపు తీసే ఉంది. అయినా రావట్లేదు. ఎందుకంటే ఏడాదంతా ఒంటరిగా రూమ్‌లో కూర్చున్న పిల్లాడికి మొదటిసారి ఎవరో "నువ్వు మావాడివి" అన్నారు. మీవాడు భయంతో అక్కడ ఉండట్లేదమ్మా, ఆశతో ఉన్నాడు. ఈ సంగతి మర్చిపోయి ఏం చేసినా తిరగబడుతుంది.

రెండో తేడా మందు. మన హాస్టళ్లలో అవమానం ఎక్కువ. ఇక్కడ ప్రాణాలు తీస్తున్నది చాలావరకు సీసా. మీ న్యూజెర్సీ పిల్లాడే, తిమోతీ పియాజా, అతనూ 19 ఏళ్లే, అతనూ సెకండియరే. పెన్ స్టేట్‌లో 2017 ఫిబ్రవరి 2న బిడ్ ఒప్పుకున్నవాళ్లకి రాత్రి పెట్టిన తంతులో 82 నిమిషాల్లో 18 డ్రింకులు పట్టించారని కేసులో తేలింది. బేస్‌మెంట్ మెట్ల మీద పడ్డాడు. తీసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు, వెల్లకిలా తిరిగి వాంతి గొంతుకి అడ్డం పడకుండా వీపుకి పుస్తకాల బ్యాగ్ కట్టారు. అంటే ప్రమాదం అని తెలుసు, తెలిసీ పుస్తకాల బ్యాగ్ కట్టారు గానీ ఫోన్ తీయలేదు. 911కి కాల్ వెళ్లింది మర్నాడు పొద్దున దాదాపు 11కి, పడిన 12 గంటల తర్వాత. ఫిబ్రవరి 4న చనిపోయాడు. అక్కడున్నవాళ్లంతా చదువుకునే పిల్లలే, ఎవరో రౌడీలు కాదు. మీవారికి ఈ ఒక్కటి చెప్పండి చాలు.

"మనవాళ్లే కదా" అన్నారు మీరు. ఆ ధైర్యం మీద మాత్రం ఉండకండి. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్ బరూక్ కాలేజీ కుర్రాడు మైఖేల్ డెంగ్, చైనీస్ కుటుంబం, చేరింది ఏషియన్ అమెరికన్ పిల్లల ఫ్రెటర్నిటీ పై డెల్టా సై. పెన్సిల్వేనియా పోకోనోస్ కొండల్లో ఇల్లు అద్దెకి తీసుకుని, గడ్డకట్టిన పెరట్లో కళ్లకి గంతలు కట్టి, వీపుకి ఇసక నింపిన బ్యాగ్ తగిలించి నడవమని, మధ్యలో మిగతావాళ్లు తోస్తూ పడేస్తూ ఉన్నారు. దానికి గ్లాస్ సీలింగ్ అని పేరు, ఏషియన్లు ఈ దేశంలో పడే కష్టాలు తెలియాలని అట. పడిపోయాక కూడా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లలేదు, బట్టలు మార్చి, లక్షణాలు గూగుల్‌లో వెతికారు. 37 మంది మీద కేసులు పెట్టారు, ఆ ఫ్రెటర్నిటీనే ముద్దాయిగా నిలబెట్టి 2018లో పదేళ్లపాటు పెన్సిల్వేనియాలో అడుగుపెట్టకుండా బ్యాన్ చేశారు. మన సంస్కృతి, మన కష్టాలు అనే మాటలతోటే అక్కడ దెబ్బలు కొట్టారు, అందుకని దీపావళి చేస్తారన్నది ఒక సర్టిఫికెట్ కాదు.

ఇక ఆ మూడు వారాల మాట. నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. మీవాడు ‘ఇంకా మూడు వారాలే’ అంటుంటే చివరికొచ్చేసింది కదా అని మీరు కాస్త తేలికపడుతున్నారు. కానీ ప్రమాదమైన రాత్రులు ఈ చివరి వారాల్లోనూ ఉండొచ్చు. బిగ్ లిటిల్ నైట్ అంటారు, కొత్తవాడికి ఒక సీనియర్‌ని పెద్దన్నగా అప్పగించే రాత్రి, ఆ అన్న తమ్ముడికి ఒక సీసా గిఫ్ట్ ఇస్తాడు, ఆనవాయితీ ప్రకారం ఖాళీ చేయాలి. 2021 మార్చిలో ఒహైయోలో బౌలింగ్ గ్రీన్‌లో స్టోన్ ఫోల్ట్జ్ ప్రాణం తీసింది అలాంటి రాత్రే, సీసా బోర్బన్ విస్కీ. దానికి కొద్దిరోజుల ముందు ఫిబ్రవరిలో వర్జీనియాలో ఆడమ్ ఓక్స్, అదీ అంతే. అదే ఏడాది అక్టోబర్‌లో మిస్సోరీలో డానీ శాంటుల్లికి వోడ్కా. అతను బతికాడు, కానీ చూపు పోయింది, నడవలేడు, మాట్లాడలేడు. ఈ పేర్లు మిమ్మల్ని బెదిరించడానికి చెప్పట్లేదు, ఆ తేదీ ఏంటో తెలుసుకోవాలి కాబట్టి చెప్తున్నాను.

సరే, ఏం చేయొచ్చో చూద్దాం.

వెంటనే బయటికి లాగేయడం, ఫీజు కట్టను, కారు తీసుకుంటాను అనడం. తల్లిగా ముందు అదే బుద్ధి పుడుతుంది. ప్రాణం మీదకొచ్చిందని తెలిస్తే చేయాల్సిందే, ఒట్టూ లేదు గిట్టూ లేదు. కానీ ఇప్పుడున్న స్థితిలో అలా చేస్తే వాడు మానడు, దాస్తాడు. మోచేతులు కనపడకుండా ఫుల్ హ్యాండ్స్ వేసుకొస్తాడు, అసలు ఇంటికి రావడమే మానేస్తాడు. పైగా "చూశావా, మీ ఇంట్లోవాళ్లకి అర్థం కాదు, మేమే నీ ఫ్యామిలీ" అని అక్కడ చెప్పే మాటకి మీరే సాక్ష్యం అవుతారు.

కళ్లు మూసుకోవడం. మూడు వారాలు ఏమీ కాకుండా గడిచిపోవచ్చు, చాలామందికి గడిచిపోతుంది కూడా. గడిచాక ఏమవుతుందో ఆలోచించండి. వచ్చే సెమిస్టర్ ఆ నోట్‌బుక్ ఇంకో పిల్లాడి చేతిలో ఉంటుంది, ‘తప్పుకి 50’ అని మీవాడు అరుస్తుంటాడు. బకెట్ సంగతి చెప్పాను కదా, నేను మంచిపిల్లనే, అయినా చేశాను. పెన్సిల్వేనియాలో పియాజా పేరుతోనే 2018లో చట్టం తెచ్చారు, ఎవరికైనా తీవ్రమైన గాయమో చావో జరిగితే అది ఫెలనీ (పెద్ద నేరం) కావచ్చు, ఏడేళ్ల దాకా జైలు. వాడే ఒప్పుకున్నాడు, వాడే తాగాడు అంటే కోర్టులో చెల్లదు. మీ వీసా భయానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. తనకి జరిగినదాని గురించి చెప్పినందుకు ఎవరి స్టేటస్సూ పోదు. కానీ మీవాడికి 21 దాటగానే హెచ్4 ఉండదు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకో దేనికో మారాలి, అక్కడ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా అని అడుగుతారు. అప్పటికి వాడు హేజింగ్ చేసేవాళ్ల పక్క నిలబడి ఉండటమే మీకు అసలు రిస్క్. ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో అరగంట మాట్లాడండి, ఆ భయం ఎంతవరకో తేల్చి చెప్తారు.

కాలేజీకి చెప్పడం. ముందు ఈ రాత్రే ఒక పని చేయండి, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఒట్టూ తప్పినట్టు కాదు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ప్రతి కాలేజీ తమ దగ్గర ఏ సంఘం హేజింగ్‌లో దొరికిందో, ఏం శిక్ష వేశారో వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఏడాదికి రెండుసార్లు అప్‌డేట్ చేయాలి. 2024 డిసెంబర్‌లో ఫెడరల్ చట్టం కూడా వచ్చింది, స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ అని. ఆ రిపోర్ట్ తీసి మీవాడి ఫ్రెటర్నిటీ పేరు వెతకండి. పేరుంటే మీవాడితో మాట్లాడేటప్పుడు అది మీ మాట కాదు, కాలేజీ మాట. పేరు లేకపోతే మాత్రం క్లీన్ అనుకోవద్దు, ఎవరూ చెప్పలేదని కూడా అర్థం కావచ్చు. అసలు ఆ ఫ్రెటర్నిటీని కాలేజీ గుర్తించిందో లేదో కూడా చూడండి, గుర్తింపు పోయాక కూడా క్యాంపస్ బయట ఇల్లు తీసుకుని నడిపేవి ఉంటాయి, వాటి మీద అజమాయిషీ ఉండదు.

పేరు చెప్పకుండా రిపోర్ట్ చేసే ఫారం చాలా కాలేజీల వెబ్‌సైట్లలో ఉంటుంది. హేజింగ్ కోసమే ఒక హాట్‌లైన్ కూడా ఉంది, 1-888-668-4293, పేరు చెప్పక్కర్లేదు, కాకపోతే ఆ సమాచారం ఆ ఫ్రెటర్నిటీ నేషనల్ ఆఫీసుకి కూడా వెళ్తుంది, అది తెలిసే చేయండి. కంప్లయింట్ వెళ్తే చాలాసార్లు ప్లెడ్జింగ్ (కొత్తవాళ్లని చేర్చుకునే తతంగం) ఆపేయించి ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతారు. మంచి ఏంటంటే ఆ సీసా రాత్రి ఆగుతుంది. చెడు కూడా చెప్తాను. "ఎవడు చెప్పాడు" అని లోపల వెతుకులాట మొదలవుతుంది, ఎనిమిదిమందో పదిమందో ఉన్న బ్యాచ్‌లో మొన్న వీకెండ్ ఇంటికెళ్లొచ్చింది ఎవరో తేల్చడం కష్టం కాదు. మీవాడు స్నేహితుల్ని పోగొట్టుకోవచ్చు, మీ మీద కోపం నెలలు ఉండొచ్చు. మరొకటి, కొడుకుకి 18 దాటాయి కాబట్టి ప్రైవసీ రూల్స్ అని కాలేజీవాళ్లు మీకు ఏమీ చెప్పకపోవచ్చు. కానీ మీరు చెప్పేది వినకూడదని ఏ రూలూ లేదు.

నన్నడిగితే వీటన్నిటికంటే ముందు వాడితో ఒక మాట కావాలి, ఫోన్‌లో మాత్రం కాదు. కొన్నిచోట్ల ప్లెడ్జుల (కొత్తగా చేరేవాళ్ల) ఫోన్లు వాళ్ల చేతుల్లో ఉండవు, మీ మెసేజ్ ఎవడో సీనియర్ చదివి నవ్వొచ్చు. మీరే వెళ్లండి. కార్లో ఎక్కించుకుని ఎక్కడికైనా తీసుకెళ్లండి, ఎదురెదురుగా కూర్చుంటే పిల్లలు మాట్లాడరు, పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తుంటే మాట్లాడతారు. వాళ్లు వెధవలు అని మొదలుపెట్టొద్దు, వాళ్లలో ఇద్దరు ముగ్గురు నిజంగానే వాడికి మంచి స్నేహితులై ఉంటారు. ఆ స్నేహితుల గురించే అడగండి, ఎవరెవరు, ఏ ఊరు, ఎవరంటే ఇష్టం. బోలెడు చెప్తాడు చూడండి. తర్వాత ఈ ప్రశ్న: "నువ్వు నిద్రపోకపోయినా, పుషప్స్ తీయకపోయినా ఆ అబ్బాయి నీతో స్నేహం చేసేవాడు కాదా?" జవాబు చెప్పకపోయినా పర్లేదు, ఊరుకోండి. వాడిలో వాడు చెప్పుకుంటాడు.

మీవారిని కూడా తీసుకెళ్లండి. లెక్చర్ ఇవ్వొద్దని చెప్పండి, తన ర్యాగింగ్ కథ చెప్పమనండి, పార్టీల్లో నవ్వుతూ చెప్పే వెర్షన్ కాదు, మొత్తం. ఏ రాత్రి ఏడ్చారో, ఎవరికి ఫోన్ చేయాలనిపించిందో, అప్పుడు ఇంట్లో ఫోనే లేకపోతే ఏం చేశారో. "మేం తినలేదా" అన్న మనిషి దగ్గర ఆ కథ తప్పకుండా ఉంటుంది. వాళ్ల నాన్నకి కూడా నొప్పి పుట్టిందని ఆ పిల్లాడికి ఇప్పటిదాకా తెలిసి ఉండదు.

ఆఖర్న వాడితో ఒక ఒప్పందం. మానేయమని కాదు. మూడు సంగతులు మాత్రం కచ్చితంగా కావాలని అడగండి, బిగ్ లిటిల్ నైట్ ఏ తేదీ, ఏ ఇంట్లో, ఊరి బయటికి ఏమైనా తీసుకెళ్తున్నారా. ఏ టైమ్‌లో ఫోన్ చేసినా ఎందుకు, ఎలా, ఎవరు అని ఒక్క ప్రశ్న అడగకుండా వచ్చి తీసుకెళ్తామని మీరిద్దరూ మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. వాడికో, వాడి పక్కవాడికో ఎంత లేపినా మెలకువ రాకపోయినా, ఊపిరి మధ్యలో పది సెకన్లు ఆగుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా, పడుకుంటే దిగిపోతుంది అనుకోవద్దని చెప్పండి. పడుకున్నా కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పక్కకి తిప్పి 911కి చేయాలి. అలా ఫోన్ చేసి, తన పేరు చెప్పి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉన్నవాడికి పెన్సిల్వేనియా చట్టంలో రక్షణ ఉంది, 21 నిండకుండా తాగినందుకు గానీ హేజింగ్‌కి గానీ వాడి మీద కేసు పెట్టరు. ఈ సంగతి మీవాడికి తెలిసి ఉండకపోవచ్చు. పియాజా పడున్న ఆ సోఫా చుట్టూ నిలబడ్డవాళ్లని ఆపింది ఇరుక్కుంటామన్న భయమే అయ్యుండొచ్చు.

ఆ మోచేతుల ఫొటో వాడికి చెప్పే తీసి పెట్టుకోండి, తేదీతో. ఫోన్ మాత్రం దొంగతనంగా చూడకండి, దొరికితే మిగిలిన నమ్మకం కూడా పోతుంది.

ఈ మాటలయ్యాక కూడా తేదీ చెప్పకపోతే, లేదా ఈసారి వచ్చినప్పుడు దెబ్బలు ఇంకా ఎక్కువైతే, మందు ముచ్చట వస్తే, అప్పుడు ఒట్టు పక్కన పెట్టి కాలేజీకి ఫోన్ చేయండి అనే అంటాను నేను. అది వాడికి ముందే చెప్పండి, వెనకాల చేయకండి. "నువ్వు మాట్లాడకపోయినా పర్లేదు, నువ్వుంటే చాలు" అని వాడి మొహం మీదే చెప్పండి. నెలలు అలగొచ్చు. ఆ అలక మీరు మోయగలరు.

తేదీ చెప్తే మాత్రం ఆ రాత్రి ఎడిసన్‌లో ఉండకండి. కార్లో మూడున్నర గంటలు అని రాశారు కదా, ఆ మూడున్నర గంటలు చాలా ఎక్కువ. ఆ ఊళ్లోనే ఏదో ఒక హోటల్లో రూమ్ తీసుకుని, ఫలానా చోట ఉన్నామని వాడికి మెసేజ్ పెట్టి, ఫోన్ రింగర్ ఆన్ చేసుకుని, కారు తాళాలు పక్కన పెట్టుకుని కూర్చోండి. తెల్లారాక వాడు బాగానే ఉంటే బ్రేక్‌ఫాస్ట్‌కి రమ్మనండి, ఆ పెద్దన్న కుర్రాణ్ణి కూడా తీసుకురమ్మనండి. వాళ్లమ్మ ఎవరో, ఏ ఊరో కనుక్కోండి.